కాటా మీద కంచం

తెనాలిలో కనుమ నాటి మధ్యాహ్నం. కనుమ నాడు మినుము తినాలన్న మాట పోకుండా వంటింట్లో గారెలు వేగుతున్నాయి. నలభై ఏళ్ళు కిరాణా కొట్టు నడిపి, కిందటేడే కొడుక్కి అప్పగించిన మామయ్య భోజనానికి కూర్చున్నాడు. హైదరాబాద్ నుంచి పండక్కి వచ్చిన మేనకోడలు సంచిలోంచి పలకలాంటిది ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. దాని మీద కంచం పెట్టి బొత్తాం నొక్కితే సున్నా వెలిగింది. వడ్డించబోతున్న అత్తయ్య చేతిలో హస్తం అలాగే ఆగిపోయింది.

మామయ్య: ఇదేంటే అమ్మాయ్? నేను కొట్టు మానేశానని నువ్వు తెరిచావా?

మేనకోడలు: వంటింటి కాటా మామయ్యా. అన్నం తూచుకుని తింటున్నా. అయిదు నెలలైంది.

మామయ్య: అన్నం తూచుకోవడమా! నలభై ఏళ్ళు ఊరందరికీ సరుకు తూచాను గానీ ఒక్కనాడూ ఎవరి కంచమూ తూచలేదు. తినేవాళ్ళ ముద్దలు లెక్కపెడితే దిష్టి తగులుతుందంటారు. నీ ముద్దలకి నువ్వే దిష్టి పెట్టుకుంటున్నావా?

మేనకోడలు: పెట్టుకోక తప్పలేదు. రెండేళ్ళ కిందట మూడు నెలల సగటు షుగర్ చూపించుకుంటే 6.1 వచ్చింది. 5.7 నుంచి హెచ్చరిక, 6.5కి చేరితే జబ్బే అన్నారు డాక్టరు గారు. బరువు తగ్గమన్నారు. రాత్రి అన్నం మానేశాను. కాఫీలో చక్కెర, ఆఫీసులో పుట్టినరోజు కేకులు, అన్నీ మానేశాను. ఏడాదిన్నర గడిచింది. 81 కిలోల దగ్గర మొదలై 81 కిలోల దగ్గరే ఉన్నాను.

మామయ్య: కొందరి ఒంటి తత్వం అంత. మీ అమ్మమ్మా అంతే. గాలి పీల్చినా లావయ్యేది.

మేనకోడలు: నేనూ అమ్మమ్మ మీదకే నెట్టేశాను. తర్వాత ఈ కాటా కొని, వారం రోజులు ఏమీ మార్చకుండా ఎప్పుడూ తినేదే తింటూ తూచి రాసుకున్నాను. నేను కప్పెడన్నం, 150 గ్రాములు అనుకున్నది 310 ఉంది. సాయంత్రం గుప్పెడు వేరుశెనగ గుళ్ళు అనుకున్నది 70 గ్రాములు, ఎందుకంటే ఆ గుప్పెడు మూడుసార్లు డబ్బాలోకి వెళ్ళొస్తుంది. ఆ గుళ్ళే దాదాపు 385 క్యాలరీలు. రాత్రి మానేశానని గొప్పలు పోయిన అన్నం విలువంతా సాయంత్రం టీవీ ముందే తినేస్తున్నానన్నమాట.

మామయ్య: సరే, గుళ్ళు తగ్గించు. దానికి యంత్రం ఎందుకు? నేనొకటి చెబుతా విను. కాటా ఇద్దరి మధ్య ఉండే వస్తువు. అమ్మేవాడికి కొనేవాడి మీద, కొనేవాడికి అమ్మేవాడి మీద నమ్మకం చాలనప్పుడు మధ్యలో రాయి పెట్టుకున్నారు. నీ కంచానికీ నీ నోటికీ మధ్య ఏ పరాయివాడున్నాడు?

మేనకోడలు: నా కన్నుంది. దాన్నే నమ్మలేకపోతున్నాను. నా ఒక్కదాని సంగతే కాదిది. 1992లో న్యూయార్క్‌లో ఒక పరిశోధన జరిగింది. రోజుకి 1,200 క్యాలరీలు కూడా తినం, అయినా తగ్గట్లేదు అని మొత్తుకునే పదిమందిని పరీక్షించారు. గుర్తు పెట్టిన హైడ్రోజన్, ఆక్సిజన్ ఉన్న నీళ్ళు తాగించి, అవి ఒంట్లోంచి ఎంత వేగంగా బయటికి పోతున్నాయో చూసి, ఒళ్ళు ఎంత శక్తి ఖర్చు పెడుతోందో కట్టారు. తత్వంలో లోపమేమీ లేదు. వాళ్ళు తిన్నామని రాసింది అసలు తిన్నదానికంటే సగటున 47 శాతం తక్కువ. చేశామని చెప్పిన ఒళ్ళు వంచే పని అసలుకంటే 51 శాతం ఎక్కువ.

మామయ్య: అంటే అబద్ధాలు రాశారు.

మేనకోడలు: అబద్ధమని వాళ్ళకీ తెలియదు మామయ్యా. నిజమనుకునే రాశారు.

మామయ్య: (కాసేపాగి) అవునే, ఇది నాకు తెలిసిన జబ్బే. ఖాతా పుస్తకం. నెలాఖరున, "ఎంతయ్యుంటుంది బాబాయ్?" అని అడిగేవాళ్ళు. "నువ్వే చెప్పు" అనేవాణ్ణి. నలభై ఏళ్ళలో ఒక్కడూ ఉన్నదానికంటే ఎక్కువ చెప్పలేదు. పుస్తకం చూపిస్తే మొహం పాలిపోయేది. దొంగలు కారు వాళ్ళు. బియ్యం బస్తా గుర్తుంటుంది, మధ్యలో పిల్లాణ్ణి పంపి తెప్పించుకున్న అరకిలో పంచదార గుర్తుండదు. సరే, ఈ మాట వరకు నీకు వదిలేస్తున్నా. కానీ మీ అమ్మమ్మ కాలంలో ఈ కాటాలు ఎక్కడివి? ఆ రోజుల్లో ఊళ్ళో బొజ్జలెన్ని కనపడేవి?

మేనకోడలు: అమ్మమ్మ కొలవలేదంటావా? బియ్యం డబ్బాలో ఎప్పుడూ ఏముండేది?

మామయ్య: సోల.

మేనకోడలు: మరి! మనిషికింత అని సోలతో కొలిచి ఎసట్లో పోసేది. చుట్టం వస్తే ఇంకో సోల. ఆ లెక్క దాటితే నెలాఖరుకి డబ్బా అడుగు కనపడేది.

మామయ్య: నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. బళ్ళో ఎక్కాలకంటే ముందు ఇవి నేర్పాడు మా నాన్న. నూనె కూడా అంతేనే. మా కొట్లో డబ్బా పక్కన ఇత్తడి గిద్ద వేలాడేది. కూలికెళ్ళొచ్చిన ఆడవాళ్ళు సాయంత్రం సీసా పట్టుకొచ్చి గిద్దెడు పోయించుకునేవాళ్ళు. ఆ పూటకదే. ఇప్పుడు అయిదు లీటర్ల క్యాను మోసుకుపోతున్నారు. డబ్బా పెద్దదైతే చెయ్యి కూడా పెద్దదవుతుంది.

మేనకోడలు: నేను చెప్పబోయేది నువ్వే చెప్పేశావు. అప్పుడు లేమి కొలిపించింది. ఇప్పుడు లేమి పోయింది, దాంతోపాటు సోలా పోయింది. ఆ ఖాళీలో ఈ కాటా పెట్టుకున్నాను.

మామయ్య: సోలకీ దీనికీ పోలికేంటి? సోల ఇంటందరికీ కలిపి పోసేది. కంచం కంచానికీ కాపలా కాయలేదు. పైగా నీ యంత్రం గ్రాములు చూపిస్తుంది. అన్నంలో ఎన్ని క్యాలరీలున్నాయో గ్రాము దాకా తెలుసా మీకు?

మేనకోడలు: తెలియదు. ఒప్పుకుంటా. పిండిపదార్థం, మాంసకృత్తులు గ్రాముకి 4, కొవ్వు 9 అనే లెక్క అమెరికాలో అట్వాటర్ అనే రసాయన శాస్త్రవేత్త నూరేళ్ళకు పైబడి కిందట కట్టిన సగటు. 2012లో అక్కడి వ్యవసాయ శాఖ వాళ్ళే బాదం పప్పుని మళ్ళీ పరీక్షించి చూశారు. 28 గ్రాముల్లో 170 క్యాలరీలనుకున్నది, ఒంటికి దక్కేది 129 మాత్రమేనని తేలింది. గట్టి గింజ కదా, కొంత కొవ్వు అరక్కుండానే పోతుంది.

మామయ్య: చూశావా! మూడో వంతు లెక్క తప్పిన సరుకుని గ్రాము దాకా తూస్తున్నావు. బొగ్గుల బస్తాని బంగారం కాటా ఎక్కించినట్టుంది.

మేనకోడలు: కాటా రోజూ ఒకే తీరుగా తప్పితే దాంతో వ్యాపారం చెయ్యలేమా?

మామయ్య: చెయ్యచ్చు. పాతిక గ్రాములు ఎక్కువ చూపిస్తుందని తెలిస్తే పాతిక తీసి చెబుతాం. పూటకోలా తప్పే కాటాతోనే చిక్కు.

మేనకోడలు: కన్ను పూటకోలా తప్పే కాటా మామయ్యా. ఆకలేసినప్పుడు ఒకలా, కబుర్లలో ఇంకోలా. ఇక్కడ పుస్తకంలో అంకె తప్పయినా రోజూ ఒకటే తప్పు. రెండు వారాలకోసారి ఒంటి బరువు చూసుకుంటా. కదలకపోతే హస్తం కొంచెం తగ్గిస్తా. నాకు నిజమైన క్యాలరీ ఎంతో అక్కర్లేదు, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలిస్తే చాలు.

మామయ్య: మరి ఇందాక తోటకూర కూడా తూచావే?

మేనకోడలు: అది చేతి అలవాటు. నిజానికి ఆకుకూర, సొరకాయ, దోసకాయ తూచడం దండగ. నూరు గ్రాములు అటూ ఇటూ అయినా పెద్ద తేడా రాదు. నూనె చెంచాడు పొరపాటయితే 40 క్యాలరీలు. రోజుకి రెండు చెంచాలు లెక్కకి అందకపోతే నెలకి 2,400. ఒంటి మీద ఒక కిలో కొవ్వుకి 7,700 అంటారు. అంటే కాగితం మీద మూడు నెలలకో కిలో. ఒళ్ళు కాగితం కాదు కాబట్టి అచ్చంగా అలాగే జరగదు గానీ, దారి అదే.

మామయ్య: ఈ మాట మొదటే చెప్పాల్సింది. ఏ సరుక్కి ఆ కాటా. లారీని తూచేచోట పది కిలోలు ఎవడూ పట్టించుకోడు. కంసాలి దగ్గర వీసమెత్తు పోతే గొడవ. నూనె, నెయ్యి, గుళ్ళు, జీడిపప్పు బంగారం కాటా సరుకులు. బియ్యం మా కొట్టు కాటా సరుకు. తోటకూర లారీ సరుకు. అవునా?

మేనకోడలు: అంతే. ఇంకో పొరపాటు కూడా చేశాను మొదట్లో. పుస్తకంలో నూరు గ్రాముల బియ్యానికి 350 క్యాలరీలని ఉంది. నేను నూరు గ్రాముల అన్నం తూచుకుని 350 రాసుకున్నా. వారం రోజులు ఆకలితో చచ్చాను.

మామయ్య: బియ్యం వేరు, అన్నం వేరు! నీళ్ళ బరువు ఎటు పోతుంది? పైగా కుక్కర్లో వండితే ఒక బరువు, గంజి వారిస్తే ఒక బరువు. కొత్త బియ్యం ఒక తీరు, పాత బియ్యం ఒక తీరు.

మేనకోడలు: అందుకే ఇప్పుడు బియ్యమే తూస్తా. నలుగురికి 400 గ్రాములు పోస్తా. ఉడికాక గిన్నెతో సహా కాటా మీద పెట్టి గిన్నె బరువు తీసేస్తే 1,160 వచ్చిందనుకో. నా వాటా 290 వడ్డించుకుంటే అది సరిగ్గా నూరు గ్రాముల బియ్యం. కూరకైనా ఇదే పద్ధతి. ఇదిగో, గిన్నె బరువు తీసెయ్యడానికే ఈ బొత్తాం.

మామయ్య: పడికట్టు! బొత్తాంలో పెట్టేశారా పడికట్టుని! మేమైతే ఆ చివర చిన్న రాళ్ళూ చింతగింజలూ వేసి గిన్నెకి సరికట్టే వాళ్ళం. సరే పిల్లా, మీ అత్తయ్య అరిసెలకి నీ పుస్తకంలో ఏముంది?

మేనకోడలు: ఒక్కోచోట ఒక్కో అంకె. దేన్నీ నమ్మలేను.

మామయ్య: నమ్మక్కర్లేదు. సరుకు ఇచ్చింది మన కొట్టేగా. తడి బియ్యం కాకముందు కిలో. బెల్లం 700 గ్రాములు. నూనె రెండు ప్యాకెట్లు పోసింది. ప్యాకెట్ లీటరని రాసుంటుంది, తూకానికి 910 గ్రాములే. చాలామంది కిలో అనుకుంటారు. రెండూ కలిపి 1,820. వడగట్టి దాచింది ఈ ఉదయం 1,570 తూగింది. అంటే అరిసెలు తాగింది 250. ఇప్పుడు నీ అంకెలు చెప్పు.

మేనకోడలు: బియ్యం 3,500. బెల్లం గ్రాముకి 3.8 చొప్పున 2,660. నూనె 2,250. మొత్తం 8,410.

మామయ్య: అరిసెలు అరవై అయ్యాయి. ఒక్కోటి 140.

మేనకోడలు: మామయ్యా, నువ్వు నా కంటే ముందే డైటింగ్ మొదలుపెట్టినట్టున్నావు.

మామయ్య: లెక్క వేరు, తిండి వేరు. ఇప్పుడు నా అసలు మాట విను. కార్తీకంలో నీ స్నేహితురాలి గృహప్రవేశానికి వెళ్ళలేదట. మీ అమ్మ చెప్పింది. ఎందుకెళ్ళలేదు?

మేనకోడలు: (తల దించుకుని) బంతి భోజనం. ఏది ఎంతో తెలియదు. తూచడానికి వీల్లేదు. భయమేసింది.

మామయ్య: అదీ! వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. మనవాడు వడ్డిస్తుంటే కూర్చోలేని స్థితికి తెచ్చింది నిన్ను ఈ పలక. నా కొట్లో ఒక గుమాస్తా ఉండేవాడు. రాత్రి గల్లాపెట్టెలో రూపాయి తేడా వస్తే తెల్లారేదాకా వెతికేవాడు. "ఒరేయ్, రూపాయి కోసం నిద్ర పోగొట్టుకుంటున్నావు, అది ఏ ఖాతాలో రాస్తావు?" అనేవాణ్ణి.

మేనకోడలు: నీ మాట నిజం. ఆ వారం నాకే అనుమానమొచ్చింది. తిండి పేరెత్తితే గుండె దడదడలాడే వాళ్ళకి, తిండి మానేసే జబ్బు ఉన్నవాళ్ళకి, ఎదిగే పిల్లలకి, కడుపుతో ఉన్నవాళ్ళకి ఈ పని చెప్పకూడదు. నాకూ ఒక హద్దు పెట్టుకున్నాను. పరాయింట్లో, పెళ్ళిలో, గుళ్ళో కాటా తీయను. చూపు మేరకు తింటాను.

మామయ్య: చూపునే నమ్మగలిగితే ఇంట్లో మాత్రం కాటా ఎందుకు? అసలు చెయ్యి ఉండగా కాటా ఎందుకు? ఇదిగో, ఆ కందిపప్పు డబ్బా ఇలా తే. (గుప్పెడు తీసి) అరవై గ్రాములు. వెయ్యి నీ పలక మీద.

మేనకోడలు: అరవై రెండు! అబ్బో!

మామయ్య: ఏమనుకున్నావు మరి!

మేనకోడలు: ఇప్పుడు ఆ చేత్తోనే అన్నం వడ్డించుకో. రోజూ ఎంత తింటావో అంత. ఎంతో ముందే చెప్పు.

మామయ్య: ఇదెంత. రెండు వందలు. మహా అయితే రెండు వందల పాతిక.

మేనకోడలు: నాలుగు వందల పది.

మామయ్య: నీ కాటా అబద్ధమాడుతోంది! కొట్టు కాటాకి ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించేవాణ్ణి. దీనికి ముద్రేది? అల్మరాలో నా 200 గ్రాముల ఇనప రాయి ఉంది, తీసుకురా. ... పెట్టు. ఎంత?

మేనకోడలు: 200.

మామయ్య: మళ్ళీ పెట్టు.

మేనకోడలు: 200 మామయ్యా.

(వంటింట్లో గారెల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.)

మామయ్య: అదే చెయ్యి. పప్పు దగ్గర రెండు గ్రాములు తప్పింది. అన్నం దగ్గర రెండింతలు తప్పింది. ఎందుకంటావు?

మేనకోడలు: నువ్వే చెప్పు. ఆ చెయ్యి నీది.

మామయ్య: (నెమ్మదిగా) కొట్లో గుప్పెడు తీసిన ప్రతిసారీ కాటా మీద పోశాను. ఎక్కువైతే తీశాను, తక్కువైతే వేశాను. నలభై ఏళ్ళు కాటా ఈ చేతికి జవాబు చెబుతూనే ఉంది. ఇంట్లో హస్తం పట్టిన చేతికి ఎవరూ జవాబు చెప్పలేదు. పైగా పక్కనే నిలబడి మీ అత్తయ్య ఇంకో హస్తం వేసేది.

అత్తయ్య: వేస్తే వద్దన్నావా ఏనాడైనా?

మేనకోడలు: నేను అయిదు నెలలుగా అనుకుంటున్నది ఇదే మామయ్యా, మాట దొరకలేదు. కాటా చెప్పినట్టు జన్మంతా తినాలని కాదు. చేతికి తూకం నేర్పాలి. మొదటి నెల అంతా తూచాను. ఇప్పుడు నూనె, గుళ్ళు, అన్నం మాత్రమే. ముందు కంటితో అంచనా చెప్పి, తర్వాత తూస్తా. అంచనా కుదిరిన రోజులు పెరుగుతున్నాయి. 81 కిలోలు 76 అయ్యింది. ఇంకో రెండు నెలలకి కాటా అటకెక్కుతుంది. చెయ్యి మళ్ళీ సాగిందని అనుమానం వస్తే దించుతా.

మామయ్య: అలాగైతే ఒప్పుకోవచ్చు. కానీ నాలాంటివాడు ఈ వయసులో కంచం తూచుకోలేడు. నాకు కొట్టు లెక్కే తెలుసు. మీ పోషకాహారం వాళ్ళు నూనె ఎంత వాడమన్నారు?

మేనకోడలు: హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో, రోజుకి 2,000 క్యాలరీలు తినేవాళ్ళకి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు. బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు కలిపి 250 గ్రాములు, ఉడకనివి.

మామయ్య: మేమిద్దరం. నెలకి మూడు ప్యాకెట్లు తెప్పిస్తాం. దీపారాధన నూనె వేరే. మూడు తొమ్మిది వందల పదులు 2,730. ముప్పై రోజులకి రోజుకి 91. మనిషికి నలభై అయిదున్నర! నెయ్యి కలపకుండానే!

అత్తయ్య: వచ్చేపోయేవాళ్ళు తినరా? వేయించి మిగిలింది పారబొయ్యనా?

మామయ్య: వాళ్ళకింత, పారబోతకింత తీసేసినా నలభైకి తగ్గదు. పలక అక్కర్లేకుండానే దొరికిపోయాం. ఇదిగో అమ్మాయ్, పండగ అయ్యేదాకా నువ్వు కాటా ముట్టనని మాటివ్వు. నేను ఎల్లుండి నుంచి నెలకి రెండు ప్యాకెట్లకే చీటీ రాస్తా. కొట్లో అటక మీద ఆ పాత ఇత్తడి గిద్ద ఉండాలి. మా అబ్బాయికి ఫోన్ చేసి తోమించి పంపమను. మీ అత్తయ్య పొయ్యి పక్కన వేలాడదీద్దాం.

మేనకోడలు: మాటిచ్చా. అన్నం మాత్రం సగం తీసెయ్యనా నీ కంచంలోంచి?

మామయ్య: సగం కాదు, ఒక హస్తం. మిగిలింది రేపు చూద్దాం.

అత్తయ్య: గిద్ద వచ్చినప్పుడు వస్తుంది. గారెలు చల్లారిపోతున్నాయి. తూచి తింటారో, తిన్నాక మిమ్మల్ని మీరు తూచుకుంటారో తేల్చుకుని కంచాల ముందుకు రండి.